'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' డాక్యుమెంటరీ చూడాలా? చూస్తే ఏం వినాలి?

మీరు అడిగింది ఇదీ: పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం వాళ్ళ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ ఎలా తయారైందో చెప్పే 2003 నాటి డాక్యుమెంటరీ చూడమని మీ మిత్రుడు చెప్పాడు. ఇంట్లో లాప్‌టాప్ మీద పాటలు కట్టుకునే మీకు అది పనికొస్తుందా, లేక పాతతరం రాక్ స్టార్లు నలుగురు కూర్చుని కొట్టుకున్న సొంత డబ్బానా?

డబ్బా కొంత ఉంది. అయినా చూడండి. చూడండి అనడం కంటే వినండి అంటే సరిపోతుందేమో. మాటలు చెప్పే చోట కాస్త ముందుకు జరుపుకున్నా నష్టం లేదు గానీ, కన్సోల్ (శబ్దాల్ని కలిపే బల్ల) ముందు కూర్చుని ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కదిపే చోట మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి వినండి.

నేను ఎక్కడినుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి కదా. మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్లో కుర్రాడిగా చేరినప్పుడు నా పని టేపులు చుట్టడం, డబ్బాల మీద పాట వివరాలు రాయడం, హెడ్లు స్పిరిట్‌తో తుడవడం, మధ్యమధ్యలో టీ చెప్పడం. అంతకుముందు తరంలో పాట అంటే గాయకులూ, వయొలిన్లూ, తబలా, అందరూ ఒకే హాల్లో ఒకేసారి. ఎవరు తప్పు చేసినా పాటంతా మళ్ళీ మొదటికి. ఒక్కో వాద్యాన్నీ విడివిడి ట్రాక్ మీద రికార్డు చేసే మల్టీట్రాక్ వచ్చాక మాకు రెక్కలొచ్చినట్టయింది. ఆ రెక్కల్ని వాడటం ఎలాగో లండన్‌లో 1972లోనే ఎంత దూరం ఆలోచించారో ఈ డాక్యుమెంటరీ చూసినప్పుడు అర్థమైంది. ఇప్పటికి అయిదారుసార్లు చూసి ఉంటాను.

'క్లాసిక్ ఆల్బమ్స్' అనే వరుసలో వచ్చింది ఇది. ఆ వరుసకి ఒక పద్ధతి ఉంది: అసలు మల్టీట్రాక్ టేపు తీసి, దాన్ని రికార్డు చేసిన మనిషినే కన్సోల్ ముందు కూర్చోబెట్టి, ఒక్కో ట్రాక్ విడిగా వినిపించమంటారు. ఇక్కడ ఆ మనిషి అలాన్ పార్సన్స్. ఈ ఆల్బమ్ చేసేటప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు, ఆబీ రోడ్ స్టూడియోలో జీతం మీద పనిచేసే ఇంజనీరు. అంతకుముందు బీటిల్స్ 'ఆబీ రోడ్' ఆల్బమ్‌కి టేప్ ఆపరేటర్. అంటే నాలాగే స్పూళ్ళు మార్చిన కుర్రాడే, కాకపోతే మార్చినవి బీటిల్స్ స్పూళ్ళు! ఆయన ఒక ఫేడర్ దించితే గిటారు పోతుంది, ఇంకోటి ఎత్తితే ఆర్గన్ ఒంటరిగా వినిపిస్తుంది. 30 ఏళ్ళుగా ఒకే ముద్దగా విన్న పాట కళ్ళముందు విడిపోతుంది. విడిగా వింటే ఒక్కో వాద్యం ఎంత తక్కువ వాయిస్తోందో తెలిసి ఆశ్చర్యం వేస్తుంది. ఆ నిండుతనం ఎవరూ ఎక్కువ వాయించడం వల్ల వచ్చింది కాదు, ఒకరికొకరు చోటు వదలడం వల్ల వచ్చింది.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇదంతా స్టూడియోలో పుట్టిన మాయ అనుకుంటారు. కాదు. డాక్యుమెంటరీలో ఈ సంగతి తొందరగా దాటిపోతుంది, మీరు దాటొద్దు. ఈ పాటల వరసని వాళ్ళు 1972 జనవరి 20న బ్రైటన్‌లో జనం ముందు మొదటిసారి వాయించారు. 'మనీ' దగ్గరికి వచ్చేసరికి సాంకేతిక ఇబ్బందితో ఆపెయ్యాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్లో మళ్ళీ వాయించారు. స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది మే నెలాఖరులో. అమ్మకానికి వచ్చింది 1973 మార్చిలో. అంటే టేపు తిరగకముందే ఈ పాటలు వేదికల మీద నెలల తరబడి నలిగాయి. ఎక్కడ జనం కదులుతున్నారు, ఎక్కడ దగ్గుతున్నారు, ఏ చరణం సాగుతోంది అన్నీ తెలిసిపోయాయి. మన నాటకాల వాళ్ళు పది ఊళ్ళు తిరిగాక పద్యం ఎలా కుదురుకుంటుందో అలా కుదురుకున్నాయి.

ఒకటైతే స్టూడియోలోనే పూర్తిగా మారిపోయింది: 'ఆన్ ద రన్'. వేదిక మీద అది గిటారు, కీబోర్డుల కచేరీ ముక్క. స్టూడియోలో సింథీ అనే పెట్టె సైజు సింథసైజర్ చేతికొచ్చింది. దానిలో ఎనిమిది స్వరాలు నెమ్మదిగా నొక్కి, వేగం పెంచేశారు. అంతే, పరుగు తయారు. గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఆ పెట్టె ముందు కూర్చుని నాబ్‌లు తిప్పి చూపించే భాగం ఉంది. మీ లాప్‌టాప్‌లో ఇదే పని చేసే ప్లగిన్లు బోలెడు ఉంటాయి. కానీ పాత ముక్కని, అప్పటికే జనానికి నచ్చినదాన్ని, తీసి పక్కన పెట్టడానికి ప్లగిన్ ఉండదు కదా.

ఇక ట్రాకుల లెక్క. వాళ్ళకి ఉన్నవి 16. డ్రమ్స్‌కే నాలుగైదు పోతాయి. బేస్, గిటార్లు, ఆర్గన్, పియానో, గొంతులు, కోరస్, గడియారాలు, చిల్లర డబ్బులు ఎక్కడ పడతాయి? అందుకని కొన్ని ట్రాకుల్ని కలిపి మిక్స్ చేసి, ఇంకో 16 ట్రాకుల టేపు మీదికి ఎక్కించేవాళ్ళు. మిగిలిన ఖాళీ ట్రాకుల్లో కొత్తవి వేసేవాళ్ళు. దీన్ని బౌన్స్ చేయడం అంటాం. ఇందులో చిక్కేంటంటే, ఒకసారి డ్రమ్స్ కలిపేశాక రేపు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కాస్త పెంచుదాం అంటే కుదరదు. కలిసింది కలిసినట్టే. పైగా టేపు మారిన ప్రతిసారీ కాస్త గరగర పెరుగుతుంది.

దీని బాధ నాకు స్వయంగా తెలుసు. ఒక భక్తి పాటల క్యాసెట్‌కి పనిచేస్తూ వయొలిన్లు నాలుగింటినీ ఒక ట్రాక్‌లోకి కలిపేసి, చోటు కోసం పాతవాటి మీద కోరస్ రికార్డు చేసేశాను. మర్నాడు సంగీత దర్శకుడు వచ్చి విని, రెండో వయొలిన్ కాస్త శ్రుతి తక్కువగా ఉంది, దాన్ని తీసేయ్ నాయనా అన్నారు. తీయడానికి ఏముంది! వాద్యకారుల్ని మళ్ళీ పిలిపించారు, ఖర్చు నా జీతంలోంచి కాకపోయినా తిట్లు మాత్రం నా ఖాతాలోకే వచ్చాయి. ఆ రోజు నుంచి బౌన్స్ బటన్ నొక్కేముందు పాటంతా ఒకసారి వినడం అలవాటైంది. పార్సన్స్ కన్సోల్ ముందు మాట్లాడుతుంటే నాకు ఈ జాగ్రత్తే కనిపిస్తుంది.

మీరు తప్పకుండా ఆపి ఆపి చూడాల్సింది 'మనీ' గురించిన భాగం. బేస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్ ఇంట్లో చేసుకున్న తొలి డెమో అందులో వినిపిస్తారు. ఒక్క గిటారు, ఒక్క గొంతు, సన్నగా, కాస్త నీరసంగా ఉంటుంది. దీనికీ చివరికి వచ్చిన పాటకీ ఉన్న దూరం చూస్తే, మీ ఫోన్‌లో పడి ఉన్న ముక్కల మీద మీకు గౌరవం పెరుగుతుంది.

ఆ పాట మొదట్లో చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ తెరుచుకునే శబ్దం వరసగా వస్తాయి కదా, అది లయలో ఉంటుంది. అప్పుడు శబ్దాల్ని పట్టుకుని మీట నొక్కితే మోగించే శాంప్లర్ లేదు. వాటర్స్ తన ఇంటి దగ్గర షెడ్డులో, కుండలు చేసే తన భార్య మట్టి కలుపుకునే గిన్నెలోకి నాణేలు విసిరి రికార్డు చేసుకున్నాడు. ఒక్కో శబ్దం ఉన్న టేపు ముక్కని కొలిచి, కోసి, అతికించారు. స్టూడియోలో మళ్ళీ అదే పని శుభ్రంగా చేశారు. లెక్క మీరే వేసుకోండి: సెకనుకు 15 అంగుళాలు పరిగెత్తే టేపు మీద అర సెకను అంటే ఏడున్నర అంగుళాలు. అలాంటి ముక్కలు ఏడు అతికిస్తే నాలుగడుగుల పైచిలుకు దండ అవుతుంది. ఆ దండ మెషీన్ మీద పట్టదు కాబట్టి మైక్ స్టాండ్ చుట్టూ తిప్పి, బిగువు సడలకుండా పట్టుకోవాలి. మా థియేటర్లో కూడా వాన చప్పుడు, రైలు చప్పుడు ఇలాగే దండ కట్టి తిప్పేవాళ్ళం. మా లెక్క లయ కోసం కాదు, నిడివి కోసం. దండతో తాళం కట్టొచ్చని మాకు తట్టలేదు, అది మా దురదృష్టం.

ఏడు ముక్కలు ఎందుకంటే పాట ఏడు లెక్కల్లో ఉంది. పాశ్చాత్య రాక్ సంగీతంలో అది వింత. మనకి కాదు, ఏడు లెక్కల మిశ్రచాపు తాళం మన కీర్తనల్లో ఎంతైనా ఉంది. కాబట్టి 'తకిట తకధిమి' అని వేసి చూడబోతారు. నేనూ అదే చేశాను. సంఖ్య కుదురుతుంది గానీ విరుపు కుదరదు. తిప్పి 'తకధిమి తకిట' అని వేసి చూడండి, బేస్ గిటారు నడక దగ్గరికి వస్తుంది. ఇక గిటారు సోలో వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా నాలుగు లెక్కలకి మారిపోతుంది. ఏడులో సోలో అల్లడం కష్టం, నాలుగులో హాయి, అదీ కారణం. వినేవాడికి మాత్రం అప్పటిదాకా బిగిసి ఉన్న పాట ఒక్కసారి పరుగందుకున్నట్టు ఉంటుంది. అదే సోలో మధ్యలో ప్రతిధ్వని అంతా తీసేసి, గిటారు గదిలో మన పక్కనే ఉన్నట్టు చిన్నదిగా, పొడిగా వినిపించి, మళ్ళీ ఒక్కసారి మైదానమంత చేసేస్తారు. రివర్బ్ (ప్రతిధ్వని) నాబ్ ఒకసారి పెట్టి మరిచిపోయే పిల్లలందరికీ ఈ ఒక్క నిమిషం వినిపించాలని నాకు ఉబలాటం.

'టైమ్' ముందు మోగే గడియారాలు అసలు ఈ ఆల్బమ్ కోసం రికార్డు చేసినవే కావు. నాలుగు స్పీకర్ల పద్ధతి ఎలా ఉంటుందో చూపించే నమూనా రికార్డు కోసం పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణానికి వెళ్ళి, ఒక్కో గడియారాన్నీ విడిగా రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఈ పాట వినగానే ఇది పనికొస్తుందేమో చూడండి అన్నాడు. ఆల్బమ్ మొదట్లో గుండె కొట్టుకుంటున్నట్టు వినిపించేది నిజం గుండె కాదు, మెత్తగా చేసిన బేస్ డ్రమ్.

మీకు కీబోర్డు వస్తుందన్నారు కాబట్టి బృందంలో కీబోర్డు వాయించే రిక్ రైట్ భాగాలు రెండుసార్లు చూడండి. నలుగురిలో తక్కువ మాట్లాడేది ఆయనే, నేర్చుకోదగ్గది మాత్రం ఎక్కువ. పియానో ముందు కూర్చుని 'బ్రీత్' లో ఒక స్వరసమూహం (కార్డ్) వాయించి, ఇది జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' లో విన్నదే అని దాపరికం లేకుండా చెప్పేస్తాడు. మామూలుగా అయితే పాట అక్కడ ఎలా వెళ్ళేదో, ఆ ఒక్క కార్డ్ వల్ల ఎలా మలుపు తిరిగిందో రెండూ వాయించి చూపిస్తాడు. జాజ్ నుంచి రాక్‌లోకి ఒక్క కార్డ్ కాలవ తవ్వి నీళ్ళు మళ్ళించినట్టు మళ్ళింది. ఆయన 2008లో పోయాడు. అందుకే ఆ కొద్ది నిమిషాలు నాకు మిగతా అంతటి కంటే విలువైనవి.

'అస్ అండ్ దెమ్' సంగతి కూడా ఆయనదే. ఆ పియానో ముక్క ఇటలీ దర్శకుడు ఆంటోనియోని 'జబ్రిస్కీ పాయింట్' అనే సినిమా కోసం చేసింది. బాగుంది గానీ మరీ దిగులుగా ఉంది, చర్చి గుర్తొస్తోంది అని ఆయన వద్దన్నాడట. వాటర్స్ ఆ ఇటాలియన్ యాసని అనుకరిస్తూ చెప్తుంటే నవ్వొస్తుంది. సినిమా 1970లో వచ్చిపోయింది, తిరస్కరించిన ముక్క ఇప్పటికీ మోగుతోంది. మన సినీ సంగీతంలోనూ ఒక నిర్మాత కాదన్న ట్యూన్ ఇంకో సినిమాలో మోత మోగించిన కథలు ఎన్ని లేవు! మీ హార్డ్ డిస్క్‌లో ఏదీ చెరపొద్దని ఇందుకే చెప్తుంటాను.

ఇప్పుడు డాక్యుమెంటరీ చెప్పనివి. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' లో మాటల్లేకుండా గొంతు చించుకుని, మళ్ళీ గుసగుసలోకి జారిపోయే గాయని క్లేర్ టోరీ. ఒక ఆదివారం స్టూడియోకి వచ్చి, రెండు పూర్తి టేకులూ ఒక సగం టేకూ పాడి, 30 పౌన్లు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ స్వరం ఎవరూ రాసివ్వలేదు, ఆమె అప్పటికప్పుడు అల్లింది. ఆల్బమ్ మీద స్వరకర్తగా మాత్రం రైట్ పేరొక్కటే ఉండేది. 2004లో ఆమె కోర్టుకెళ్ళింది, 2005లో రాజీ కుదిరింది, అప్పటినుంచి స్వరకర్తల్లో ఆమె పేరూ వేస్తున్నారు. 2003లో తీసిన సినిమాలో ఇది ఎలాగూ ఉండదు. కానీ ఇది తెలియకుండా ఆ పాట భాగం చూస్తే తయారీ కథ సగమే తెలిసినట్టు. మీరు కూడా రేపు ఎవరినో పిలిచి ఆలాపన పాడించుకుంటారు కదా, ఎవరు ఏం అల్లారో ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

ఇంకో సంగతి. నలుగురినీ ఎవరికి వారిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడించారు. వాటర్స్ 1985లో వేరైపోయాడు, సఖ్యత లేదు. నలుగురూ ఒకే వేదిక మీద కనిపించింది ఆ తర్వాత 2005 జులై 2న, లండన్ హైడ్ పార్క్‌లో. కాబట్టి వీళ్ళ మాటల్ని పెళ్ళివారి రెండు వైపుల కథల్లా వినాలి. ఉదాహరణకి చివరి మిక్సింగ్. వాటర్స్, డ్రమ్మర్ నిక్ మేసన్ పొడిగా, స్పష్టంగా కావాలన్నారని, గిల్మోర్, రైట్ ప్రతిధ్వనితో తడిగా కావాలన్నారని, మధ్యవర్తిగా బయటినుంచి రికార్డు నిర్మాత క్రిస్ థామస్‌ని తెచ్చారని కథ. ఆ క్రిస్ థామస్ మాత్రం అప్పుడు తగువేమీ లేదు, ప్రతిధ్వని తగ్గించమని వాటర్స్ అన్నట్టే గుర్తులేదు, అంతా సరదాగా సాగింది అని చెప్పాడు. ఎవరి మాట నిజం? ఆల్బమ్ వినండి, రెండూ ఉన్నాయి. గొడవలు తర్వాత ముదిరినవి, వాటి నీడ వెనక్కి పడి పాత రోజుల్ని కూడా నల్లగా చేసి ఉండొచ్చని నా అనుమానం.

పాటల మధ్య వినిపించే మాటల కథ మాత్రం నలుగురూ ఒక్కలాగే చెప్తారు. వాటర్స్ అట్టముక్కల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో దొరికిన వాళ్ళందరి చేతా జవాబులు చెప్పించి రికార్డు చేశాడు. చివరిసారి ఎప్పుడు చెయ్యి చేసుకున్నారు, అప్పుడు న్యాయం మీ వైపే ఉందా, చావంటే భయమా, ఇలాంటివి. మాజీ బీటిల్ పాల్ మెకార్ట్‌నీ దంపతుల్ని కూడా అడిగారు, కానీ వాళ్ళు జాగ్రత్తగా, నటిస్తున్నట్టు చెప్పారని వాడలేదు. ఆల్బమ్ ఆఖర్న చంద్రుడికి చీకటి వైపంటూ వేరే లేదు, నిజానికి అంతా చీకటే అనే గొంతు ఆబీ రోడ్ కాపలాదారు జెరీ ఓడ్రిస్కల్‌ది. మెకార్ట్‌నీని వదిలి గేటు దగ్గరి మనిషిని తీసుకోవడం, అదీ చెవి అంటే!

విమర్శకులు వచ్చి ఈ ఆల్బమ్ ఎంత గొప్పదో చెప్పే చోట్ల టీ పెట్టుకోండి. అట్ట మీద పట్టకం కథ బాగానే ఉంటుంది, రికార్డు అట్టలు తయారుచేసే హిప్నోసిస్ సంస్థ తెచ్చిన నమూనాల్లో నలుగురూ వెంటనే దాన్నే ఎంచుకున్నారు. కానీ భాస్కర్ మీనన్ వచ్చినప్పుడు లేచి వెళ్ళొద్దు. తిరువనంతపురంలో పుట్టిన ఈయన అంతకుముందు గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాని నడిపాడు. మన ఇళ్ళలో ఘంటసాల పాటలు మోగించిన కుక్కబొమ్మ రికార్డులు ఆ కంపెనీవే. 1971లో అమెరికాలో క్యాపిటల్ రికార్డ్స్ పగ్గాలు పట్టాడు. అప్పటిదాకా అమెరికాలో ఈ బృందం రికార్డులు అంతంతమాత్రంగానే పోయేవి. పైగా తర్వాతి ఆల్బమ్‌ల కోసం వాళ్ళు అప్పటికే అక్కడ వేరే కంపెనీతో మాట్లాడుకున్నారు. అయినా మీనన్ ఈ ఒక్క ఆల్బమ్ కోసం పట్టుబట్టి ప్రచారం చేశాడు. 'మనీ' ని విడిగా సింగిల్‌గా వదిలితే అది అమెరికాలో 13వ స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్ 1973 నుంచి 1988 మధ్య అమెరికా అమ్మకాల్ని లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు ఉంది. మంచి సరుకు దానంతటదే అమ్ముడుపోతుంది అనేవాళ్ళకి ఈ భాగం చూపించండి.

చూసే పద్ధతి. ముందు ఆల్బమ్ మొత్తం, సుమారు 43 నిమిషాలు, మధ్యలో ఆపకుండా వినండి. మర్నాడు డాక్యుమెంటరీ. టీవీలో వేసిన కుదింపు కాదు, అదనపు భాగాలు ఉన్న డీవీడీ ప్రతి సంపాదించండి, వాద్యాలు పట్టుకుని చూపించే ముక్కలు వాటిలో ఎక్కువ. ఆ తర్వాత ఆల్బమ్ మళ్ళీ వినండి. అది వేరే ఆల్బమ్‌లా వినిపించకపోతే నన్ను అడగండి.

చివరగా, మీ పాటలో 90 ట్రాకులున్నాయి, అయినా పల్చగా ఉంది అన్నారు. దానికి ఒక పని చేయండి. కొత్త పాట తెరిచి 16 ట్రాకులకి మించకుండా పెట్టుకోండి. నిండాక డ్రమ్స్ అన్నీ రెండు ట్రాకుల్లోకి బౌన్స్ చేసి, విడివి చెరిపేయండి. పైన హార్డ్ డిస్క్‌లో ఏదీ చెరపొద్దన్నాను, ఇదొక్కటే మినహాయింపు. దాచుకున్న కాపీ కూడా ఉండకూడదు. బటన్ మీద వేలు పెట్టేముందు పాటంతా ఒకసారి వినండి, నా వయొలిన్ల కథ గుర్తుందిగా. అయ్యాక ఫైలు పెట్టండి, వింటాను.